లయ మార్చిన చుక్క

కూతురి బ్యాగు లైనింగ్ విప్పి, లోపల రూపాయి బిళ్లంత ట్రాకర్ పెట్టి, మళ్లీ కుట్టేసింది పద్మ.

అంకిత పని చేసేది ఎక్కడో కొండల మధ్య, రేడియో టెలిస్కోపు దగ్గర. అక్కడ సెల్‌ఫోన్లు కూడా వాడనివ్వరట. పిల్ల ఏ లోయలో పడినా తల్లికి తెలిసేదెలా?

హాల్లోంచి నవ్వులు వినిపించాయి. వీకెండ్‌కి అంకితతో పాటు అరోరాలోని తమ ఇంటికి వచ్చిన చాముండేశ్వరి ఏదో చెబుతోంది. అరవై దాటిన మనిషి, ఆ టెలిస్కోపు దగ్గరే ఉద్యోగం.

"అమ్మా, ఆంటీ చేసే పప్పు ఒకసారి ట్రై చెయ్. సూపర్ ఉంటుంది!"

పద్మకు ఒళ్లు మండింది.

"మీకు పిల్లల్లేరటగా?"

"లేరండీ."

"అందుకే కాబోలు, పరాయి పిల్లల మీద ఇంత ప్రేమ."

చాముండేశ్వరి నవ్వి ఊరుకుంది.

"ఇంతకీ అక్కడ మీరు చేసేదేమిటి?"

"టెలిస్కోపును వాళ్లు చెప్పిన వైపు తిప్పుతానండీ."

"డ్రైవరన్నమాట!"

"అమ్మా!" అంకిత కసిరింది. "మేం చూసేది ఒక పల్సర్‌ని. టిక్ టిక్‌మంటూ రేడియో సిగ్నల్ పంపే చుక్క. ఎప్పుడో సడన్‌గా దాని ప్యాటర్న్ మారుతుంది. అది పట్టుకుంటేనే నా థీసిస్."

రెండు వారాల తర్వాత ల్యాండ్‌లైన్ నుంచి ఫోన్.

"ప్యాటర్న్ మారిందని ఎగిరి గంతేశామమ్మా. తీరా చూస్తే ఎవరిదో ట్రాకర్ సిగ్నల్! మూడు రోజుల డేటా పోయింది."

"ఎవరిదట?"

"ఆంటీదే. నా బ్యాగుతో సహా అన్నీ తనే వెతికారు. చివరికి తన జేబులోనే మర్చిపోయానన్నారు. ఉద్యోగంలోంచి తీసేశారమ్మా."

పద్మకు అంతా అర్థమైంది.

నిజం చెబితే పిల్లను పంపేస్తారేమో. చెప్పకపోతే ఆవిడ వెళ్లిపోతుంది. పిల్ల మళ్లీ తనదవుతుంది.

"పోనీలే. ఆవిడ వాలకం నాకు మొదట్నుంచీ నచ్చలేదు" అంది.

నెల తిరక్కుండానే మళ్లీ ఫోన్. అంకిత వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"ఏమైందే? ఒంట్లో బాగుందా? ఎక్కడైనా పడ్డావా?"

"ప్యాటర్న్ మారిందమ్మా! ఈసారి నిజంగా!"

"దానికి ఏడుపెందుకే పిచ్చిదానా?"

"ఆంటీకి చెప్పాలి. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారట. ఎక్కడికో ఎవరికీ తెలీదు."

"ఆవిడకెందుకు చెప్పడం? ఆవిడేమన్నా సైంటిస్టా?"



"పంతొమ్మిదేళ్ల కిందట ఆ చుక్క ఒక్కసారి మారితే, చూసిన సైంటిస్టు ఆంటీ ఒక్కరే. ఎవరూ నమ్మలేదు. మళ్లీ మారినప్పుడు దగ్గరుండాలని, ఉన్న ప్రొఫెసర్ ఉద్యోగం మానేసి ఆ టెలిస్కోపు తిప్పే పనిలో చేరారమ్మా."