నాలుగో క్యాబిన్

2008 మార్చి మొదటి వారం. ప్రకటనల కంపెనీ నుంచి వచ్చిన ఈమెయిల్లో నాలుగే వాక్యాలు.

నాగేంద్రబాబు ఆరుసార్లు చదివాడు.

అతని వెబ్‌సైటులోని ప్రకటనల మీద ఎవరో కావాలని పదేపదే నొక్కుతున్నారట. అందుకని ఖాతా మూసేశారట. ఇంతవరకు పోగైన సొమ్ము ఇవ్వరట.

ఈ నెలాఖరుకు రావలసిన మొదటి చెక్కు అది.

కువైట్‌లో ఇంటిపని చేస్తున్న అతని భార్య బేబి, ఏప్రిల్లో మరో రెండేళ్ల ఒప్పందానికి సంతకం పెట్టాలి. చెక్కు వస్తే, ఆ సంతకం పెట్టకుండా వచ్చెయ్యమని చెబుదామనుకున్నాడు.

అమలాపురంలో అతనిది ఎనిమిది కంప్యూటర్ల నెట్ సెంటర్. ఇళ్లకు కనెక్షన్లు వచ్చాక గిరాకీ పడిపోయింది. అప్పుడే పదో తరగతి లెక్కల మీద సైటు పెట్టాడు. పిల్లలు లెక్క అడగవచ్చు. తెలిసినవాళ్లు చెప్పవచ్చు. పక్కన ప్రకటనలు. ఎవరైనా వాటి మీద నొక్కితే కంపెనీ డబ్బిస్తుంది.

ఆరు నెలలు ఎవరూ రాలేదు.

తర్వాత అపర్ణ వచ్చింది. ఎవరు ఏ లెక్క అడిగినా, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తూ, ఒక్కో సోపానమూ విడదీసి చెప్పేది. ఆ జవాబుల కోసమే రోజుకు నాలుగు వందల మంది రావడం మొదలుపెట్టారు.

"మీరెవరండీ?" అని ఒకసారి సైటులోనే అడిగాడు.

"పదో తరగతి, బి సెక్షన్" అని మాత్రం జవాబు వచ్చింది.

నాగేంద్రబాబు ఈమెయిలు మీంచి తలెత్తాడు.

నాలుగో క్యాబిన్‌లో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. రోజూ నాలుగింటికి వస్తాడు. గంట ఉంటాడు. ఎవరైనా పక్క నుంచి వెళ్తే తెర మార్చేస్తాడు.

నాగేంద్రబాబు చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్లి చూశాడు. తెర మీద తన సైటే. మౌస్ మీద పెద్దాయన చెయ్యి. ఎదురుగా ఒక నోటుపుస్తకం.

పుస్తకం లాక్కుని మధ్యలో తెరిచాడు. పేజీ నిండా అంకెలు.

"ఎన్నిసార్లు నొక్కేరో లెక్క కూడా రాసుకుంటున్నారా?"

"ఏం నొక్కేనండీ?"

"ప్రకటనలండీ! ఎవరు పంపేరు మిమ్మల్ని? ఆ బస్టాండు దగ్గర సెంటరు వాళ్లేనా?"

"వాటి జోలికి నేనెప్పుడూ పోలేదండీ."

"మరి నా సైటులో తమరికి రోజూ ఏం పనో?"

పెద్దాయన లేచి నిలబడ్డాడు. "పరీక్షలయ్యేదాకా రానివ్వండి బాబూ. ఆ తర్వాత రాను."

"ఈ వయసులో తమరికి పరీక్షలా?"

మిగతా క్యాబిన్లలో నవ్వారు.

"ఆ పుస్తకం ఒక్కటీ ఇప్పించండి."

"ఇవ్వను. పోలీసులకిస్తాను. రేపట్నించి ఈ మెట్లెక్కేరంటే మర్యాద దక్కదు."

పెద్దాయన పుస్తకం వైపే కాసేపు చూశాడు. గంటకు పదిహేను రూపాయలు బల్ల మీద పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నాగేంద్రబాబు పుస్తకాన్ని బీరువా మీదకు విసిరేశాడు.

ఆ తర్వాతి వారం శుక్రవారం బేబి ఫోను చేసింది.

"ఏవండీ, చెక్కు వచ్చేసిందా?"

"ఇంకా లేదు. ఏం, అంత తొందర?"

"ఉండదేంటండీ! మేడంగారి పాప గది తుడిచేటప్పుడు రోజూ అక్కడి కంప్యూటర్లో మీ సైటు తీసి, పక్కనున్నవన్నీ నొక్కుతున్నానండీ. ఒక్కటీ వదల్లేదు. పక్కింట్లో చేసే పార్వతి చేత కూడా నొక్కిస్తున్నాను. చెక్కు వచ్చేక చెబుదామనుకున్నాను గానీ, ఉండబట్టలేదు."

అతను నాలుగో క్యాబిన్ వైపు చూశాడు.

"వినపడుతోందా అండీ? మంచి పనే చేసేనా?"

"ఆ. మంచి పనే చేసేవు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే కొత్తపేట వెళ్లాడు. అక్కడ ట్యుటోరియల్ నడిపే సుబ్బరాజు గారిని, తన సైటులో ప్రకటన ఇమ్మని బతిమాలాడు.

"ఆ అపర్ణ లెక్కలు చెప్పే సైటేనాండీ?"

"ఆయ్, అదేనండీ."

"మా పిల్లలు నా మాట వినరు గానీ, ఆవిడ చెబితే వింటారండీ" అని నవ్వాడాయన. "ఆవిడ ఉన్నన్నాళ్లూ నెలనెలా ఇస్తాను. సాయంత్రం ఓసారి సైటు చూసుకుని ఫోను చేస్తాను."

తిరుగు బస్సులో నాగేంద్రబాబు బేబికి చెప్పవలసిన మాటలు కూర్చుకున్నాడు. సంతకం పెట్టకు. వచ్చెయ్.

షాపు తెరిచి, ఖాతా పోయాక మొదటిసారి సైటు చూశాడు.

అరవై రెండు ప్రశ్నలు. ఒక్కదానికీ జవాబు లేదు.

"అపర్ణక్కా, ఏమైపోయావు?"

"అక్కా, పరీక్షలకి ఇంక పన్నెండు రోజులే ఉంది."

చివరి జవాబు తొమ్మిది రోజుల కిందటిది. సాయంత్రం నాలుగూ ఇరవైకి.

అంతకు ముందువి చూశాడు. ఇంకా వెనక్కి వెళ్లి చూశాడు. అన్నీ నాలుగుకీ ఐదుకీ మధ్య రాసినవే.

నాలుగో క్యాబిన్‌లో కుర్చీ ఖాళీగా ఉంది. ఆ మనిషి పేరేమిటో, ఏ ఊరి నుంచి వచ్చేవాడో ఏనాడూ అడగలేదు.

బల్ల మీద ఫోను మోగింది. సుబ్బరాజు గారు.

నాగేంద్రబాబు తియ్యలేదు. స్టూలెక్కి బీరువా మీది పుస్తకం దింపాడు.

అట్ట మీద చీటీలో గుండ్రటి అక్షరాలు. అపర్ణ. పదో తరగతి, బి సెక్షన్. 2003–04.

మొదటి పది పేజీల్లోనూ అవే అక్షరాలు. పదకొండో పేజీలో ఒక లెక్క సగంలో ఆగిపోయింది. ఆ తర్వాత ఆ అమ్మాయి రాత లేదు. ఆగిన లెక్క పక్కన చిన్నగా రాసుకుంది: "నాన్ననడగాలి."

ఆ మాట కింద నుంచే పెద్దాయన పెన్సిలు రాత మొదలై, ఆ లెక్క పూర్తి చేసి, చివరి పేజీ దాకా ఎవరెవరి పిల్లలకో జవాబులు చెబుతూ వెళ్లింది.