ఎడమ చక్రం

కలీం బానెట్ మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కి వదిలాడు. పికప్ ముందు భాగం ఒక్కసారి పైకి లేచి కుదురుకుంది.

"షాక్ అబ్జార్బర్లు బాగుండాయి కదన్నా. పోయింటే ఇంకా ఊగల్ల."

"పులివెందులలో కొత్తవి ఏయించినా," అన్నాడు నాగేంద్ర. "అయినా ముందర ఎగురుతాంది. ఎడమ పక్క."

నాగేంద్రది జమ్మలమడుగు దగ్గర పల్లె. పికప్‌లో చీనీకాయలు, అంటే బత్తాయిలు, మార్కెట్టుకు తోలతాడు. ప్రొద్దుటూరులో కలీం చేతికి దొరకని దోషం ఉండదని ఎవరో చెబితే పొద్దున్నే షెడ్డుకు వచ్చాడు. వెంట భార్య ప్రశాంతి కూడా ఉంది. ఆమె సీట్లోంచి దిగలేదు.

కలీం జాకీ పెట్టి ఎడమ చక్రాన్ని లేపాడు. పైనా కిందా పట్టుకొని ఆడించాడు. ఎక్కడా వదులు లేదు. టైరు చుట్టూ అరచెయ్యి తిప్పి చూశాడు. ఉబ్బు కూడా లేదు.

"టైరు కొత్తదేనా?"

"జమ్మలమడుగులో మార్చినా. బుష్షులు కూడా."

బైపాస్ మీద కలీమే తోలాడు. వేగంగా పోయి బ్రేకు తొక్కాడు. స్పీడు బ్రేకర్లు ఎక్కించి దించాడు. బండి బుద్ధిగా పోయింది.

"నాకేం తెలుస్తాల్యాదన్నా. ఎప్పుడు ఎగురుతాది?"

"మెల్లగా పోయేటప్పుడు."

"లోడుంటేనా?"

"ఖాళీగా ఉన్నా అంతే. మా వాకిట్లోకి తిప్పేటప్పుడు ఒక్కతూరి లేసి పడతాది."

"ఆడ గుంత ఉంటాది."

"సిమెంటు పోయించినా."

"మూడు తూర్లు పోయించినాడు," అంది ప్రశాంతి. అంతసేపటికి ఆమె నోరు తెరవడం అదే మొదలు.

కలీంకు పంతం వచ్చింది. షెడ్డు తమ్ముడికి అప్పజెప్పి, మోటార్ సైకిల్ మీద వాళ్ల వెనకే పల్లెకు పోయాడు.

వాకిట్లో సిమెంటు ఎక్కడా పగల్లేదు, కుంగలేదు. చక్రం కదలిక దగ్గరనుంచి చూడాలని కలీం గేటు పక్కన నేల మీద వంగి కూర్చున్నాడు. లోపలికి తిరగబోయిన బండి కీచుమని ఆగింది.

"ఆడ కూర్చోవద్దప్పా. లెయ్యి. దూరంగా పో," అన్నాడు నాగేంద్ర.

కలీం లేచి గోడకు ఆనుకొని నిలబడ్డాడు. అప్పుడుగానీ బండి కదల్లేదు. మనిషి నడిచే వేగంతో లోపలికి వచ్చింది. ఎడమ చక్రం సాఫీగా దొర్లింది. కలీం రెప్ప వేయలేదు.

బండి ఆగింది. నాగేంద్ర మొహమంతా చెమట. స్టీరింగ్ వదల్లేదు.

"సూసినావా? ఇప్పుడు లేసింది."

"లేయలేదన్నా."

"నాకు సీట్లో తెలిసిందప్పా."

కలీం చేతుల దుమ్ము దులుపుకున్నాడు. "బండిలో ఏం ల్యాదు. మనసుకు పట్టకుంటే అమ్మేసి ఇంకోటి తీసుకో."

"మా బావ బండి తెచ్చి తోలి సూసినా. అది కూడా ఈడికొచ్చేతలికి ఇట్లే లేస్తాంది."

నాగేంద్ర దిగి వాకిట్లో నీళ్ల తొట్టి దగ్గరికి పోయాడు. మొహం మీద నీళ్లు చల్లుకున్నాడు. మళ్లీ చల్లుకున్నాడు. ఎంతకీ ఇటు తిరగలేదు.

ప్రశాంతి కలీం దగ్గరికి వచ్చింది. "అన్నా, ఏదో ఒకటి విప్పి మళ్లా బిగించు. మార్చినానని చెప్పు. రెండు దినాలన్నా నిద్రపోతాడు."

"ల్యాని రోగానికి ఏం మార్చేదమ్మా? ఆ చక్రానికి ఏం కాల్యా."

"కాల్యాలే అన్నా," అంది ఆమె.

చక్రం వైపు మాత్రం చూడలేదు.

"మా పాప దాని కిందే పోయింది."