కొమ్ముల పువ్వు

“గా గోడ మీదికెల్లి చెయ్యి తియ్యి!”

మంజులత ఉలిక్కిపడింది. వేళ్ల మధ్య బొగ్గుముక్క జారి కిందపడింది. సగం గీసిన గుడ్డపేలికను గబుక్కున కొంగు చాటుకు లాక్కుంది. వెనకే బీరమ్మ నిలబడి ఉంది.

“ఉత్తగ సూస్తున్న, అవ్వా.”

“సూసేటిదానికి బొగ్గెందుకే? కాటుక సరిపోలేదా?”

ప్రాజెక్టు నీళ్లలో మునిగిన ఊరివాళ్లకు సర్కారు కట్టించిన వీధి అది. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్లు. ఒకే తలుపు, ఒకే బోసిగోడ. బీరమ్మ గోడ ఒక్కటే బతికున్నట్టుంటుంది. తలుపు పక్కన తెల్లటి సున్నం మీద జాజుమట్టితో దిద్దిన ఎర్రపువ్వు, రేకుల నడుమ పొట్టేలు కొమ్ములు. కాపురానికొచ్చిన ఏడాదే పాత ఇంటి గోడకు తొలిసారి వేసిందట. ఊరు వదిలి వచ్చాక ఇక్కడ మళ్లీ వేసింది.

మంజులతకు అందమైనదేదైనా కంటబడితే కడుపులో దాగదు. చీర అంచులో కొత్త తీగ కనిపించినా, క్యాలెండరులో నెమలి కనిపించినా, బండ మీద గీసి వీధి ఆడవాళ్లందరినీ కేకేసేది.

“ఒక్కపాలి నేర్పు అవ్వా. మన ఊరే లేచొచ్చినట్టుంటది.”

“నెమళ్లేసుకోండ్రి, ఏనుగులేసుకోండ్రి. నా పువ్వు నా గోడ మీదనే ఉండాలె. ఇంకో గోడకు కనబడ్డదో, నీ వాకిట్ల పడి సస్త!”

ఆ గొంతులో వణుకు మంజులతకు కోపంలాగే వినిపించింది.

“పువ్వును సుత మూట గట్కపోతదా ముసల్ది?” అన్నారు ఇరుగుపొరుగు. పొద్దువాలితే బీరమ్మ ఎవరు పిలిచినా కదలదు; ఆ పువ్వు కిందే కాపలా కూర్చుంటుంది. మొగుడు కురుమయ్య మందను అమ్ముకున్నా, అలవాటు కొద్దీ కర్ర పట్టుకుని రోజూ గుట్టకు వెళ్తాడు. తిరిగొచ్చి ముందు గోడమీది కొమ్ములు తడిమి, ఆ తర్వాతే “బీరమ్మా” అంటాడు.

“మొగడు సుత గోడనే మెచ్చుకునుడు!” అని వీధి నవ్వేది.

ఒకనాడు బీరమ్మ బస్సెక్కి దేవరకొండ దవాఖానకు పోయింది. మంజులత గుడ్డపేలిక బయటికి తీసింది. చేతినిండా జాజు, గుండెనిండా గుబులు. అయినా ఆగలేదు. తిడితే తిట్టనీ, కళ్లారా చూశాక కరగదా? ఎండ వాలేసరికి ప్రతి తలుపు పక్కా కొమ్ముల పువ్వే.

ఆ రోజు బస్సు ఆలస్యమైంది. మునిమాపు వేళ బీరమ్మ వీధి మొదట్లో అడుగుపెట్టి, అక్కడే నిలిచిపోయింది. చేతిలోని మందుసీసా కింద పడి పగిలింది.

“సూడవ్వా! ఏ తలుపు సూసినా నీ పువ్వే!”

బీరమ్మ తిట్టలేదు. అందుకు మంజులతకు మరింత భయమేసింది.

“మా ముసలాయన వచ్చిండా?”

“ఇందాకనే గుట్ట దిగుతుండె...”

బీరమ్మ పరుగెత్తింది. వెనకే మంజులత.

వీధి చివర కురుమయ్య ఒక గోడమీది కొమ్ములు తడిమి, తలుపు కొట్టి, పక్కింటికి పోతున్నాడు. అక్కడా అదే పువ్వు. కర్ర ఎక్కడో పారేసుకున్నాడు. పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయింది.

“ఇగో, నేనొచ్చిన. దా, ఇంటికి పోదం.” బీరమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

కురుమయ్య మెల్లగా ఆ చెయ్యి విడిపించుకున్నాడు. భార్య ముఖంలోకి చూసి రెండు చేతులూ జోడించాడు.

“అమ్మా, మా బీరమ్మ ఇల్లేది?”