సన్యాసిరావు కొట్టులో కోడిపుంజు

“ఈ పుంజుని ఇంక నా కొట్టులో ఉంచనేనమ్మా!”

జయపురం బజారులో చికెన్ కొట్టు నడిపే సన్యాసిరావు, కౌముది వాళ్ళ వరండా ఎక్కుతూనే చంకలోని కాన్వాసు దించి, బొమ్మ గోడవైపు తిరిగి ఉండేలా ఆనించాడు.

కౌముది చేతిలో ప్యాలెట్ నైఫ్ ఆగిపోయింది. మేస్త్రీ తాపీకి మనవరాలిలా ఉండే ఆ చిన్న కత్తితోనే ఆమె యాక్రిలిక్ రంగుల్ని దట్టంగా మెత్తి పిట్టల్ని వేస్తుంది. ఎదురుగా పాలపిట్ట ఒంటి రెక్కతో మిగిలిపోయింది. ఇంతవరకూ ఆమెను అడిగి మరీ బొమ్మ వేయించుకున్నవాడు సన్యాసిరావు ఒక్కడే. వారం తిరక్కుండానే అదీ వెనక్కొచ్చింది.

“బాగా కుదర్లేదాండీ?” అడిగింది.

సన్యాసిరావు చెమట తుడుచుకున్నాడు.

“కాళ్ళు రెండు గీతలే ఉన్నాయనా? నేను ఈకలు లెక్కపెట్టి వెయ్యనండీ. తోకంటే ఒక్క విసురులో రావాలి. కాస్త దూరం నుంచి చూడండి, తెలుస్తుంది.”

“దూరం నుంచి సూడబట్టే కదమ్మా ఈ తంటా! బజారు మలుపు తిరిగేసరికే జనాన్ని సూత్తంది అది. మొన్న ఆదివారం ఒడియా బేంకాయన రెండు కిలోలు కొట్టమన్నాడు. నాను కత్తెత్తేను. ఆయన తలెత్తి దీన్ని సూసేడు. అంతే, ‘ఛాడ భాయి, వద్దులే’ అనీసి పుట్టగొడుగులు కొనుక్కుని ఎల్లిపోనాడు.”

కౌముది పెదవి కొరుక్కుంది. నవ్వితే బాగుండదు.

“మిగతావాళ్ళు?”

“ఆల్లూ అంతే. కొట్టుదాకా వత్తారు, దీని కల్లల్లోకి సూత్తారు, పనసకాయ ఎక్కడ దొరుకుతాదని నన్నే అడుగుతారు! మా ఇంటిది బంగారమ్మయితే దీనికి రాజా అని పేరెట్టి, ముందు గుప్పెడు బియ్యం పోసింది. ఇంట్లో రోజూ సాంబారే.”

“మరి మీరు?”

సన్యాసిరావు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “నాకేటి దాపరికం. కత్తెత్తినప్పుడల్లా వీపు మీద ఎవులో సూత్తన్నట్టుంటాది. నిన్న ఓ కోడిని పట్టుకుని, మల్లీ బుట్టలో ఎట్టీసేను.”

కౌముది వెళ్ళి బొమ్మను ఇటు తిప్పింది. మెడ సాచి, ఎర్రటి జుట్టు ఎగరేసి, పుంజు నిగ్గదీసి అడుగుతున్నట్టు చూసింది. సన్యాసిరావు చప్పున పక్కకి జరిగాడు. ఆమెకు లోపల ఎగిరి గంతేయాలనిపించింది. ఇంత ప్రాణం తన చేతిలోంచి వచ్చిందా! కానీ ఎదుట ఒకాయన బేరాలు లేక దిగాలుపడి నిలబడ్డాడు.

“పోనీలెండి,” అంది, మనసు చిక్కబట్టుకుని. “కళ్ళ మీద రంగు పూసేస్తాను. ఫ్లెక్సీల మీద కోడిలా ఎటూ చూడకుండా ఉంటుంది.”

ప్యాలెట్ నైఫ్‌తో నల్లరంగు తీసుకుని, పుంజు కంటి దగ్గరికి చేయి చాపింది.

“ఆగండమ్మా!” సన్యాసిరావు ఒక్క అంగలో వచ్చి అడ్డం నిలబడ్డాడు. “దాని ఒంటి మీద ఒక్క ఈక ముట్టుకున్నా ఒప్పుకోను!”

“మరి ఎందుకు తెచ్చినట్టు?”

“కింద ఓ మూల ‘శుభాకాంక్షలతో సన్యాసిరావు’ అని రాసిపెట్టండి సాలు. రేపు మా కొట్టుకి ఎదర కూర్మారావు కొత్తగా చికెన్ కొట్టు తెరుత్తన్నాడు!”