తొమ్మిది లారీల వరస

"ఏమ్మా, మా నంబర్లు యాడికి పాయె?"

కిటికీ ఊచల అవతల నుంచి తొమ్మిది మంది డ్రైవర్లు ఒకేసారి అడిగారు.

స్తుతి అప్పుడే ఎర్రగుంట్ల లారీ ఓనర్ల సంఘం ఆఫీసు తలుపు తీసింది. ఆమెకు పెళ్ళయి పద్దెనిమిది రోజులు. అరుణ్ కుమార్ మొదటిసారి తన చేత్తో కలిపి కట్టిచ్చిన చిత్రాన్నం డబ్బా ఇంకా వెచ్చగా ఉంది. దారి పొడుగునా తనలో తాను నవ్వుకుంటూనే వచ్చింది.

కంప్యూటర్ తెరవగానే ఆ నవ్వు ఆగిపోయింది.

సిమెంటు లోడు కోసం వచ్చే లారీల వరస అందులో ఉంటుంది. నిన్న అమావాస్య. వరసలో ముందున్న తొమ్మిది మందీ బండి కదిలించలేదు. పిలిచినా రాలేదు కదా అని కంప్యూటర్ వాళ్ళను తీసుకుపోయి అరవై బండ్ల వెనక పెట్టింది.

"అమావాస్య దినం ఎవరన్నా లోడెత్తుతారా? నల్లబోర్డు మీద నంబర్లు రాసేటప్పుడు ఒక దినం ఆగినా మా నంబరు మాకుండె," అన్నాడు ప్రవీణ్ అనే డ్రైవరు.

"దానికొక క్యాలెండర్ కొనియ్యమ్మా," అన్నాడు వెనకనుంచి ఇంకొకడు.

సంఘం ప్రెసిడెంటు తిమ్మయ్య లోపలికొచ్చాడు.

"స్తుతమ్మా, నాలుగింటికి లోడింగ్ మొదలుపెట్టాల. అంతలోపల ఇది సరిగా కాకుంటే మళ్ళీ నల్లబోర్డే. కంప్యూటరే లేకుంటే ఇంగ..."

తన ఉద్యోగమూ పోతుందని స్తుతికి అర్థమైంది.

ఉద్యోగం ఒక్కటే కాదు. స్తుతి తండ్రి ప్రేమయ్య ఇదే యార్డులో ఇరవై ఏళ్ళు లారీ తోలాడు. చాక్‌పీసు పట్టుకొని బోర్డు రాసేవాళ్ళ బండ్లు ముందు పోతుంటే, ఆయన తన వంతు కోసం క్యాబిన్‌లోనే తిని క్యాబిన్‌లోనే పడుకునేవాడు. అందుకే స్తుతి వెతికి వెతికి ఈ సాఫ్ట్‌వేర్ తెచ్చింది. ఎవరు రాశారో ఏమో, ఊరికే ఇచ్చేశారు. ఓపెన్ సోర్స్ అంటారు. లోపల ఏముందో ఎవరైనా చూడొచ్చు, చేతనైతే బాగుచేసి అందరికీ పంచొచ్చు. వరసను మాత్రం చేత్తో మార్చడం ప్రెసిడెంటు వల్ల కూడా కాదు.

"దాన్ని తయారుచేసినోళ్ళకు రాసినావామ్మా?"

గడప దగ్గర ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. భుజాన తువ్వాలు, చొక్కా నిండా గ్రీజు మరకలు.

"ఇప్పుడే రాసినా."

"ఏమని?"

"పని చేయలేదని."

"డాక్టరు దగ్గరికి పోయి బాగలేదంటే సూదేస్తాడా? యాడ నొప్పో చెప్పాల గదా."

డ్రైవర్లు నవ్వారు. స్తుతికి చెవులు వేడెక్కాయి.

"మీరూ ఈ తొమ్మిది మందిలోనా?"

"కాదమ్మా. నాది వేరే బండి. వచ్చి నాలుగు దినాలైంది."

"సరే, అమావాస్యకు సెలవియ్యమని రాస్తా."

"అట్ల వద్దు. అమావాస్య అందరికీ లేదు గదా. నిన్న సాయిబుల బండ్లు పాయె, మీ చర్చోళ్ళవి పాయె. దినమంతా ఆపితే వాళ్ళ కడుపు కొట్టినట్టు. ఈ దినం నేను రాను, నా నంబరు ఉంచు అని ఎవరికి వాళ్ళు చెప్పుకునేటట్టు ఉండాల."

ఈయన్ను వదిలించుకుంటే చాలనుకుంది స్తుతి. ఏం జరిగింది, ఏ రోజు జరిగింది, ఎలా ఉంటే బాగుంటుంది, అంతా ఆయన చెప్పినట్టే రాసి పంపింది.

"పంపినా. చాలా?"

"చాలమ్మా. ఈడ ప్లగ్గు ఉండాదా? నా దాంట్లో చార్జింగ్ అయిపోయింది."

"ఇది సెల్లుల అంగడి కాదు పెద్దాయనా. టీ కొట్టుకాడికి పోండి."

ఆయన ఏమీ అనుకోకుండా తలూపి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం డబ్బా తెరిచింది. చిత్రాన్నంలో ఉప్పే లేదు. అంత దిగుల్లోనూ స్తుతికి నవ్వొచ్చింది. మెతుకు మిగల్చకుండా తినేసింది.

మూడు గంటల పది నిమిషాలకు జవాబు వచ్చింది.

"మీరు వివరంగా రాశారు కాబట్టి తొందరగా దొరికింది. మార్పు చేశాను, డౌన్‌లోడ్ చేసుకోండి. నిన్నటి వరస కూడా సర్దుకుంటుంది. ఇలాంటి యార్డులు ఇంకా చాలా ఉన్నాయి, వాళ్ళకూ పనికొస్తుంది. ఇట్లు, బొజ్జన్న."

వెంటనే డౌన్‌లోడ్ చేసింది. తెరమీద ఒక కొత్త మీట, అచ్చ తెలుగులో: 'ఈరోజు రాను, నా నంబరు ఉంచండి.'

నిన్నటి తేదీ పెట్టి ఒక్కో డ్రైవరుకూ ఒకసారి, తొమ్మిది సార్లు నొక్కింది. తొమ్మిది బండ్లూ ఒక్కొక్కటే పైకెక్కి తమ చోట్లలో కూర్చున్నాయి.

తిమ్మయ్య కళ్ళద్దాలు పెట్టుకొని చాలాసేపు చూశాడు.

"ఎవరమ్మా ఈ బొజ్జన్న? బెంగళూరులో ఏసీ కింద కూర్చొనుంటాడు."

"యాడున్నా సరే సార్, చల్లగా ఉండాల."

"సరే, ఆ నల్లబోర్డు పాత సామాన్లు కొనేవానికి ఇచ్చేయ్. ఈ పూటకు తొమ్మిది లోడ్లే. రేపు ఎవరిది ముందో ఆ పేరు కూడా చెప్పు."

స్తుతి మైకు అందుకుంది. ఒక్కో పేరు పిలుస్తుంటే ఒక్కో ఇంజను గుర్రుమంది. ప్రవీణ్ కిటికీలోంచి చెయ్యూపుతూ పోయాడు. తొమ్మిదీ గేటు దాటాయి.

"రేపు మొదటి బండి..."

పదో పేరు చదవబోయి ఆగిపోయింది. పొద్దున నంబరు ఒకటి, ఇప్పుడు పది అని ఉంది అక్కడ. ఈరోజు అందరికంటే ముందు పోవలసిన బండి అది.

డ్రైవరు పేరు మరోసారి చూసుకొని మైకులో చదివింది.

"బొజ్జన్న."

యార్డు చివర ఆగి ఉన్న లారీలో, పొద్దున తను టీ కొట్టుకు పొమ్మన్న పెద్దాయన ఒళ్ళోని ల్యాప్‌టాప్ మూసి, "ఈడే ఉండానమ్మా" అని చెయ్యెత్తాడు.