షెడ్డు ఖాళీ చెయ్యాలి

"మీ బావమరిదికి చెప్పండి, ఆ నూనె చేతులతో గోడ ముట్టుకోవద్దని. మొన్ననే రంగు వేయించాను."

అక్క ఈ మాట అన్నది మొగుడితో. బావమరిది మాత్రం అక్కడే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, పాత కారు బానెట్‌లోకి తల దూర్చి ఉన్నాడు.

"విన్నావుగా?" అన్నాడు బావ.

"మీ ఆవిడకి చెప్పు బావా, గోడ నాకూ కనబడుతోందని."

బావ లెక్కల మాస్టారు. టీ గ్లాసు పట్టుకుని ఇద్దరి మధ్యా కాసేపు నిలబడ్డాడు. చివరికి ఆ టీ తనే తాగేశాడు.

తండ్రి పోయిన రోజున తమ్ముడు ఆలస్యంగా వచ్చాడు. అతను లిఫ్టు మెకానిక్. మధ్యలో ఆగిపోయిన లిఫ్టులోంచి మనుషుల్ని బయటికి తీసి వచ్చేసరికి ఇక్కడ అంతా అయిపోయింది. కారణం అడక్కుండానే అక్క అందరి ముందూ కడిగేసింది. "ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకు" అంది. అతను తొక్కలేదు. ఏళ్ళు గడిచాయి. తండ్రి కారు అక్క షెడ్డులోనే ఉండిపోయింది. టైర్లు నేలకి అతుక్కుపోయాయి, సీట్లు చివికిపోయాయి.

ఈమధ్యే అక్క ఫోన్ చేసింది. "షెడ్డులో కుట్టుమిషన్లు పెట్టుకోవాలి. కారు తీసుకెళ్తావా, తుక్కువాడికి ఇచ్చెయ్యనా?"

"నాన్న కారు తుక్కుకా? నేనే బాగుచేసి నడుపుకుంటూ తీసుకెళ్తా. అది కదిలిన రోజుతో నీకూ నాకూ సరి."

"సంతోషం" అని ఫోన్ పెట్టేసింది.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం వస్తున్నాడు. అన్నం క్యారేజీలో తెచ్చుకుని షెడ్డు మెట్టు మీదే తింటాడు. ఇంట్లోకి అడుగు పెట్టడు. ట్యాంకులో మురిగిన పెట్రోలు తీసేశాడు. కార్బురేటర్ కడిగాడు. బిగుసుకుపోయిన బ్రేకుల్ని నానా తిట్లూ తిట్టి వదిలించాడు.

"ఈ సీట్లకి గుడ్డ కుట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారా బావా?" అన్నాడొకసారి.

అక్క మాట్లాడకుండా టేపు తెచ్చి కొలతలు తీసుకుంది. తర్వాతి వారానికి తొడుగులు సిద్ధంగా ఉన్నాయి.

"కుట్టు వంకరగా ఉంది బావా."

"వంకర సీటుది, కుట్టుది కాదు!" అంది అక్క, సూటిగా తమ్ముడి మొహంలోకి చూసి.

ఆ తర్వాత బావకి పని తగ్గింది. అక్కే షెడ్డులోకి వచ్చి నిలబడేది. చిన్నప్పుడు నాన్న పానా అడిగితే తప్పుడు నంబరు అందించి తిట్లు తిన్నది నువ్వంటే నువ్వని ఇద్దరూ వాదించుకునేవాళ్ళు.

"ఆ రోజు లిఫ్టులో ఎవరున్నారు?" అని ఉన్నట్టుండి అడిగింది ఒక ఆదివారం.

"ఒక నిండు చూలాలు. భయంతో నా చెయ్యి వదల్లేదు."

అక్క చేతిలోని పానా కింద పెట్టింది. "చెప్పొచ్చుగా!"

"అడగలేదుగా!"

ఇంకొన్నాళ్ళకి ఇంజను దగ్గి, పొగ కక్కి, చివరికి అందుకుంది. తమ్ముడు వీధి చివరిదాకా నడిపి తీసుకొచ్చాడు. బావ చప్పట్లు కొట్టాడు.

"హమ్మయ్య, షెడ్డు ఖాళీ అవుతుంది" అంది అక్క.

"బ్రేకులు ఇంకోసారి చూసుకుని వచ్చే వారం తీసుకెళ్ళిపోతా."

తర్వాతి వారం కారు స్టార్ట్ కాలేదు. ప్లగ్గు వైరు ఊడిపోయి ఉంది. ఆ పైవారం పెట్రోలు గొట్టం జారిపోయింది. ఈ ఆదివారం తాళం ఎంత తిప్పినా ఇంజను అందుకోలేదు. తమ్ముడు ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూశాడు. లోపల తిరగాల్సిన వేలెడంత రోటరు లేదు.

"ఎలకలు" అంది అక్క.

"ఎలక మూత విప్పి, రోటరు తీసుకుని, మళ్ళీ మూత బిగించి వెళ్ళిందా?" తమ్ముడు బావ వైపు తిరిగాడు. "నిజం చెప్పు బావా. నువ్వేనా?"

"నేనా? ఇంట్లో బల్బు మార్చాలన్నా మీ అక్కనే పిలుస్తానురా!"

"నేను రావడం మానేస్తానని నీకు బెంగ."

"బెంగ ఉంది. కాదనను. కానీ దాని జోలికి నేను వెళ్ళలేదు."

"దొంగకి కూడా ఇంత అమాయకపు మొహం ఉండదు" అంటూ తమ్ముడు నవ్వేశాడు. బావ ఒట్టు వేసినకొద్దీ ఇంకా నవ్వాడు.

"మీ పరాచికాలు చాలు!" అక్క కసిరింది. "ఇంకో రోటరు కొనుక్కురా. నా మిషన్లు ఎన్నాళ్ళు వరండాలో పడుండాలి?"

"పాత మోడలు అక్కా. ఎన్ని షాపులు తిరగాలో!"

"తిరుగు."

తమ్ముడు చేతులు తుడుచుకున్నాడు. ఇంటి గుమ్మం వైపు ఓసారి చూసి, తల గోక్కున్నాడు. "ఇవాళ క్యారేజీ తెచ్చుకోలేదు. అన్నం ఉందా?"

అక్క అప్పటికే గుమ్మం వైపు నడుస్తోంది. "చేతులు కడుక్కుని రా. గోడలు ముట్టుకోకు."

అతను చెప్పులు విడిచి గడప దాటాడు. అక్క కంచాలు పెట్టింది. నేను కాదు మొర్రో అని బావ ఇంకా మొత్తుకుంటూనే ఉన్నాడు.

రోటరు అక్క కుట్టుమిషను సొరుగులో భద్రంగా ఉంది.