సామ్రాజ్యం గారి మిరప

"తొంభైమూడులో మీరిచ్చిన విత్తనమేనమ్మా. ఈ పన్నెండేళ్లలో కొట్లో ఒక్క గింజ కొనలేదు," అన్నాడు రైతు చెంచురామయ్య.

రిటైరైన శాస్త్రవేత్త సామ్రాజ్యం గబగబా చేలోకి దిగింది. బొబ్బర తెగులును తట్టుకునే ఈ మిరప రకాన్ని పదహారేళ్లు కష్టపడి తయారుచేసింది ఆవిడే. పరిశోధన కేంద్రంలో దాచిన విత్తనం పాడైపోయింది. ఇక మిగిలింది ప్రత్తిపాడులో ఈ ఒక్క చేనే.

రెండు సాళ్లు చూసేసరికి ఆవిడ ఆగిపోయింది. ఒక చెట్టుకు కాయ పొట్టిగా ఉంది, పక్కదానికి సన్నగా పొడుగ్గా ఉంది. ఆకులు బొబ్బరతో ముడుచుకుపోయాయి.

"ఇది నా రకం కాదండీ. చుట్టూ హైబ్రిడ్లు వేశారు. తేనెటీగలు ఆ పుప్పొడి తెచ్చి కలిపేశాయి."

"మీరు చెప్పినట్టే ఏటా మంచి కాయలేరి విత్తనానికి ఉంచానే!"

"తేనెటీగలు వాలకుండా పూలకు గుడ్డ కట్టమని నేను చెప్పలేదు. అప్పుడు ఊరంతా ఇదే వేసేవాళ్లు. ఇలా అవుతుందనుకోలేదు. తప్పు నాదే."

చెంచురామయ్య ఒక కాయ తెంపి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అయితే ఇన్నేళ్లూ నేను కాపాడిందేంటమ్మా?"

ఆవిడ కోసం కట్టి తెచ్చిన విత్తనాల మూట ఆయన ఇవ్వలేదు, ఆవిడా అడగలేదు.